అత్తగారి ఎడంకాలు

నవ్వించేవాడికి భయం వేస్తే చూడ్డానికి మహా కష్టంగా ఉంటుంది. జోగికి ఆ ఏడు సెప్టెంబరులో పట్టుకున్న భయం అలాంటిదే. వీధిలో లారీ చప్పుడైతే చాలు, వంటింట్లోకి దూరి బియ్యం డబ్బా వెనకాల నక్కేవాడు. ఆ డబ్బాలో బియ్యం ఎలాగూ లేవు. మనిషిని దాచేంత పెద్దదీ కాదు. మోకాళ్ళు రెండూ బయటికే ఉండేవి. భార్య మణిమాల అది చూసి తిట్టేది, ఏడ్చేది, మళ్ళీ తనే వెళ్ళి వీధి తలుపు గడియ వేసి వచ్చేది.

రంగూన్‌కి నది అవతల, తన్లిన్‌లో చమురు కర్మాగారం కూలీల వాడలో వాళ్ళ ఇల్లు. తాతల కాలంలో గంజాం నుంచి ఓడెక్కి వచ్చిన జనం వాళ్ళంతా. పగలు జోగి కర్మాగారంలో పీపాలు దొర్లించేవాడు. అమ్మోరి సంబరాలొస్తే మాత్రం వాడి దర్జా వేరు. జముకుల కథలో నవ్వించే వేషం వాడిది. వీరన్న అనే స్నేహితుడు చంకలో జముకు ఇరికించుకుని, దాని తోలుకి కట్టిన నరం మీటుతూ అమ్మోరి కథ పాడేవాడు. పాట సాగిసాగి జనం కళ్ళు మూతలు పడే వేళకి, చీర కట్టి, నెరిసిన సవరం పెట్టి, నోట్లో చుట్టతో జోగి కుంటుకుంటూ దిగేవాడు. అంతే! ఆవలిస్తున్నవాళ్ళు కడుపులు పట్టుకునేవారు.

అప్పట్లో దేశం తలుపులు మూసుకుని కూచుంది. కొట్లన్నీ సర్కారు లాగేసుకున్నాక డబ్బున్న తెలుగువాళ్ళు ఓడలెక్కి పోయారు. పోలేనివాళ్ళు మిగిలారు. తెలుగు బళ్ళు మూతపడ్డాయి. మద్రాసు సినిమా రాదు, బరంపురం కబురు రాదు. ఇక తెలుగులో పడీపడీ నవ్వాలంటే జోగి ముసలమ్మ ఒక్కతే దిక్కు. రంగూన్ అవతలి మింగళాడోన్ నుంచి కూడా బస్సులు మారి, పడవ దాటి వచ్చేవాళ్ళు ఆ ముసలమ్మని చూడ్డానికి.

సర్కారు దుకాణం ముందు వరసలో నిలబడ్డమే ముసలమ్మ పని. నూనె కోసం వెళ్తే గొడుగు ఇచ్చేవారు. గొడుగు పట్టుకుని బియ్యానికి వెళ్తే సబ్బు ఇచ్చేవారు. "బాబూ, ఈ సబ్బు ఉడకడానికి ఎంతసేపు పడతాది?" అని ముసలమ్మ అడిగేది. వెనక నిలబడ్డవాళ్ళు ఎవరైనా నోరెళ్ళబెట్టి చూస్తే, "అలగ నోరు తెరిసి సూస్తావేటిరా? ఈగలు దూరతాయి, మూసుకో!" అని కసిరేది. ఆ మాట కోసమే జనం కాచుకుని ఉండేవారు. పిల్లలు బడిలో, పెద్దలు కర్మాగారంలో అదే మాట వల్లించేవారు.

ఆ ముసలమ్మని జోగి ఎక్కడో గాల్లోంచి పట్టుకురాలేదు. ఆవిడ సాక్షాత్తూ వాడి అత్తగారు, సన్యాసమ్మ. చుట్ట ఆవిడదే, కసురు ఆవిడదే, కుంటి నడకా ఆవిడదే. భర్త పోయాక కూతురి పంచన చేరి, పొద్దున్నే రేవు దగ్గర ఉడికించిన బటానీలు అమ్ముకునేది. అత్తగారి మీద వేళాకోళమా, సిగ్గులేదా అని వాడలో పెద్దవాళ్ళు గడ్డి పెట్టారు. జోగి వినలేదు. కళాకారుడినన్న పొగరు!

ఇక్కడొక సంగతి ఉంది. వాళ్ళ ఇళ్ళల్లో అత్త అల్లుడి ఎదట కూచోదు, మొహం చూడదు, నేరుగా మాటాడదు. అల్లుడు గుమ్మంలో కాలు పెడితే, చేతిలో ఏం పని ఉన్నా వదిలేసి లేచి, ముసుగు లాక్కుని గోడవైపు తిరిగిపోవాల్సిందే. అల్లుడూ అంతే, అత్తని తేరిపార చూడకూడదు. మరి చూడకుండా నడక నేర్చుకోవడం ఎలా? వసారాలో గడ్డం గీసుకునే అద్దం ఉంది. జోగి చెంపకి సబ్బు రాసుకుంటూ, వెనకాల వాకిట్లో తిరిగే అత్తని ఆ అద్దంలో దొంగచూపులు చూసి నేర్చాడు. చూసింది చూసినట్టు చేశాడు. ఆవిడకి మోకాలు చెడింది కుడికాలు. అద్దంలో అది ఎడమైంది. వీడు ఎడంకాలు ఈడ్చడం మొదలెట్టాడు.

మొదటి సంబరానికే ఆవిడ పట్టేసింది. జనంలో వెనక నిలబడి చూసి, ఇంటికొచ్చి, గోడతో మాటాడుతున్నట్టుగా అరిచింది. "ఒలే మాలీ! మీ ఆయనతో సెప్పు. నా కుంటికాలు కుడిది. ఆడు ఎడంకాలు ఈడుస్తన్నాడు. ఎటకారం సేస్తే సేసినాడు, సరిగ్గా సేసి సావమను!"

అల్లుడు రెండు మూరల దూరంలోనే అన్నం తింటున్నాడు. "ఎడంకాలికి జనం అలవాటు పడిపోనారని సెప్పవే మీ యమ్మకి" అన్నాడు. అప్పట్నించీ ప్రతి సంబరానికీ ఆవిడ ఆ మాట అనడం, వీడు ఈ మాట అనడం. మధ్యలో మణిమాల విసుక్కోవడం. అలాగే ఏళ్ళు గడిచిపోయాయి.

ఎనభై ఎనిమిది ఆగస్టులో, ఆ సర్కారు దిగిపోవాలంటూ దేశమంతా రోడ్డెక్కింది. చదువుకునే పిల్లలు, గుమాస్తాలు, బౌద్ధ సన్యాసులు, రేవు కూలీలు, అంతా. వీరన్న ఊరుకునే మనిషి కాదు. "రారా, రంగూన్ చౌక్తడాలో కోర్టుల ముందు సబ పెట్టినారు. మన ముసిల్ది కూడా వరసలో నిలబడాల" అని జోగిని లాక్కుపోయాడు. జోగికి రాజకీయం తెలీదు, జనం తెలుసు. సగం బర్మా భాషలో, సగం తెలుగులో అదే ఆట ఆడాడు. జనం ఊగిపోయారు. ఆ ఊపులో వాడికి ఒళ్ళు తెలీలేదు. పక్కన తుపాకీ పట్టుకుని కాపలా ఉన్న సిపాయి దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళి, వాడి గడ్డం కింద చెయ్యి పెట్టి, "బాబూ, మీ యమ్మకి బియ్యం దొరికినాయా?" అని అడిగాడు.

ఆట అనుకునే అడిగాడు. ఆ సిపాయి తల దించుకున్నాడు. వేలమంది వీధి దద్దరిల్లేలా అరిచారు. వాళ్ళెవరికీ జోగి పేరు తెలీదు, మగాడని కూడా తెలీదు. 'కలా అఫ్వా' అన్నారు, కలా అంటే ఇండియా మనిషి, అఫ్వా అంటే ముసలమ్మ. ఆ రోజు జోగి పడవ దాటి ఇంటికొచ్చి, సిపాయిని అడిగిన మాట గోడ అవతలికి కూడా వినపడేలా పదిసార్లు చెప్పి, ఇంతకంటే గొప్ప రోజు నాకిక రాదనుకున్నాడు. నిజంగానే రాలేదు.

సెప్టెంబరులో సైన్యం దిగింది. కాల్పులు నది ఇవతలికి కూడా వినిపించాయి. వీరన్న రాత్రికి రాత్రే సరిహద్దు అడవులవైపు పోయాడు. జోగి చీరా సవరం పొయ్యిలో పెట్టి, వీరన్న వదిలేసిపోయిన జముకు పెరట్లో పాతేసి, బియ్యం డబ్బా వెనక చేరాడు. కొన్నాళ్ళకి కర్మాగారంలో కబురు పొక్కింది. కోర్టుల ముందు సిపాయిని అడగరాని మాట అడిగిన కలా అఫ్వా కోసం వెతుకుతున్నారట.

"ముసిల్దాన్నంటే, మాలీ! ముసిల్దాన్ని ఎతుకుతన్నారు, నన్ను కాదు!" అని జోగి ఇంటికొచ్చి గంతులేశాడు. చాలా రోజుల తరవాత కడుపునిండా అన్నం తిన్నాడు.

మణిమాల నవ్వలేదు. మొగుడి మొహంకేసి అదోలా చూసింది. "ఏ ముసిల్దాన్నయ్యా?" అంది.

ఆ మాట వాడి బుర్రకెక్కలేదు. గోడకి అవతల బటానీలు ఏరుకుంటున్న మనిషి చెయ్యి ఆగింది. అది మటుకు మణిమాలకి వినిపించింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ రేవుకి వెళ్ళొద్దని కూతురు కాళ్ళావేళ్ళా పడింది. "ఎల్లకపోతే దాక్కున్నాదంటారు" అని ఆవిడ బుట్ట నెత్తికెత్తుకుంది. బటానీలు ఇంకా వేడిగా ఉన్నాయి. సూర్యుడు పైకి రాకముందే రేవులో కాగితాలు చూస్తున్న సిపాయిలు ఆవిడని పట్టుకున్నారు. చుట్ట, నెరిసిన జుట్టు, కుంటి కాలు, తెలుగు మాట. ఇంకేం కావాలి?

కబురు జోగికి చేరింది. ఇన్నాళ్ళూ తన మీదకి వస్తుందనుకున్నది ఆవిడ మీదకి పోయింది. తనే పంపించాడు! నడక తనదా, మాట తనదా? అన్నీ ఆవిడ దగ్గర ఎత్తుకొచ్చినవే కదా! పోయి ఒప్పేసుకుంటానని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వాంతి చేసుకున్నాడు. నోరు కడుక్కుంటూ ఉండగానే సిపాయిలు వాడలోకి వచ్చారు. ముసలమ్మ పక్కన వాయిద్యం వాయించినవాడు దొరకాలట. మగాళ్ళందర్నీ తోలుకుపోయారు. వాళ్ళలో జోగీ ఉన్నాడు.

రేవు పక్కన పాత ధాన్యం గోదాం. లోపల సగం చీకటి, చెమట కంపు. ఒక చెక్కబల్ల మీద సన్యాసమ్మ కూచుని ఉంది. బుట్ట తలకిందులై పక్కన పడి ఉంది. సిపాయిలు బోజీ, బోజీ అని పిలిచే అధికారి ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. ఆయన వెనక నల్లకళ్ళద్దాల మనిషి ఒకడు. ఆ రోజు జనంలో నిలబడి ఆట చూసిన వేగు వాడే.

ఒక్కొక్క మగాడినీ ముసలమ్మ ముందుకి నెడుతున్నారు. "వీడు తెలుసా? నీవాడేనా?" అని బోజీ అడగడం, "తెల్దు బాబూ" అని ఆవిడ అనడం. కర్మాగారం నరసింహం పోయాడు. పక్కింటి ఢిల్లేశ్వరరావు పోయాడు, వాడైతే వణికి వణికి లుంగీ తడుపుకున్నాడు. ఆవిడ ఎవరి మొహమూ ఎరగనట్టే చూసింది.

వరస తరిగేకొద్దీ జోగికి పై ప్రాణాలు పైనే పోతున్నాయి. వాడి భయం తుపాకీల గురించి కాదు. తనని చూడగానే ఆవిడ లేస్తుంది! ఇన్నేళ్ళుగా లేచింది. ఒంట్లో జ్వరంతో ఉన్నా లేచింది, పురిటి గదిలో కూతురి పక్కన ఉన్నా లేచింది. బుర్రకి తెలిసేలోపే ఆ ఒళ్ళు లేచి, ముసుగు లాక్కుని, గోడవైపు తిరిగిపోతుంది. నది ఇవతలి సిపాయిల్లో కలావాళ్ళ ఇళ్ళ సంగతి తెలిసినవాడు ఒక్కడున్నా చాలు, ఈమె ఈడికి అత్త అని చెప్పేయడానికి. ఆ తరవాత వాడలో నాలుగు దెబ్బలు వేస్తే అల్లుడు ఏ వేషం కట్టేవాడో ఎవడో ఒకడు చెప్పేస్తాడు. అత్తా, ఈ ఒక్కసారికి లేవకు తల్లీ, అని లోపల్లోపల మొక్కుకున్నాడు. తన కాళ్ళు కూడా అలవాటుగా పక్కకి తప్పుకోబోతున్నాయి. వాటిని ఆపుకోవడానికి బొటనవేళ్ళు నేలకి అదిమిపెట్టాడు.

నెట్టారు. ఆవిడ ముందు నిలబడ్డాడు.

సన్యాసమ్మ చేతులు బల్ల అంచుని పట్టుకున్నాయి. నడుము ఒకసారి కదిలింది. అంతే, ఆగిపోయింది. ఆవిడ లేవలేదు. తల ఎత్తి, జన్మలో మొదటిసారి, అల్లుడి మొహంలోకి నేరుగా చూసింది. ఆవిడ కళ్ళు పిల్లికళ్ళని జోగికి ఇన్నాళ్ళూ తెలీదు.

"వీడు తెలుసా?"

"తెల్దు" అంది.

జోగి గుండెలో పడ్డ బండ కాస్త కదిలేలోపే కళ్ళద్దాలవాడు ముందుకి వంగి బోజీ చెవిలో ఏదో అన్నాడు. తరవాత అందరికీ వినపడేలా అన్నాడు. "ఆ అఫ్వా ఎడంకాలు ఈడ్చేది. నేను కళ్ళారా చూశాను. చీర కట్టిన మగాడని కూడా కొందరు అంటున్నారు. దీన్ని నడిపించండి. ఇది కాకపోతే ఈ మగాళ్ళందర్నీ ఒక్కొక్కణ్ణీ నడిపించి చూద్దాం."

అర్థమైందా? ఆవిడ తన కుంటికాలితో తను నడిస్తే చాలు. కుడికాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులేస్తే ఇంటికి పంపేస్తారు. వేషం వేయక్కర్లేదు, అబద్ధం ఆడక్కర్లేదు. ఇన్నేళ్ళూ గోడకి చెప్పి చెప్పి విసిగిపోయిన నిజమే ఆవిడని విడిపిస్తుంది. ఆ తరవాత వంతు జోగిది. నడవమంటే జోగి ఏ కాలు ఈడుస్తాడో వాడికే నమ్మకం లేదు. భయంతో ఇప్పటికే ఎడం మోకాలు సన్నగా వణుకుతోంది. అయినా సరే, ఆవిడ వెళ్ళిపోతే చాలనుకున్నాడు. నిజంగా అనుకున్నాడు, ఆ పాపిష్టి భయంలో కూడా. కుడికాలు అత్తా, కుడికాలు, అని కళ్ళతో బతిమాలాడు.

సన్యాసమ్మ బల్ల పట్టుకుని లేచింది. కొంగు దులుపుకుంది. గోదాం మధ్యకి చూసి, ఒక్క అడుగు వేసింది.

ఎడంకాలు ఈడ్చింది.

ఒంటి బరువంతా చెడిపోయిన కుడి మోకాలి మీద వేసి, నిక్షేపంలాంటి ఎడంకాలు నేలకి రాసుకుంటూ నడిచింది. పళ్ళు బిగించింది. నుదుట చెమట బొట్లు కట్టింది. అచ్చం జోగి నడకే. నడుము మీద చెయ్యి, మెడ ముందుకి చాపడం, మూడో అడుగుకి ఆగి వెనక్కి చూడ్డం. అది ఆవిడకి ఎప్పుడూ లేని అలవాటు, జనం నవ్వుతారని జోగి కలిపింది. అది కూడా చేసింది. ఏళ్ళ తరబడి జనం వెనకాల నిలబడి తిట్టుకుంటూ ఎంత చూసిందో!

జోగి ఇక ఆగలేకపోయాడు. నోరు తెరిచాడు. "నేనే" అన్న మాట నాలిక చివరికి వచ్చింది.

ముసలమ్మ గిరుక్కున తిరిగింది. వాడి మొహం మీదకి వేలు చూపించి, గోదాం కప్పు ఎగిరేలా అరిచింది. "అలగ నోరు తెరిసి సూస్తావేటిరా? ఈగలు దూరతాయి, మూసుకో!"

తెలుగు రాని సిపాయిలు కూడా ఆ కసురుకి పకపక నవ్వారు. కళ్ళద్దాలవాడు తొడ చరిచాడు. "అదే! ఆ మాటే! ఇదే ఆ ముసల్ది!"

జోగి నోరు మూసుకుంది. వాడు మూసుకోలేదు, అది మూసుకుపోయింది. ఆ గొంతులో ఆట లేదు. కూతురున్నాదిరా, పిల్లలున్నారురా, నోరు మూసుకోరా అని ఉంది. వాడి మాట వాడికే తిరిగి తగిలింది.

బోజీ లేచి దగ్గరికి వచ్చాడు. ఇంకా కుర్రతనం పోని మొహం. "ఆ రోజు సిపాయిని ఏం అడిగావు? ఇప్పుడు అడుగు" అన్నాడు.

సన్యాసమ్మ ఆయన మొహం కేసి కాసేపు చూసింది. ఈసారి వేషం కట్టినట్టు అడగలేదు. రేవులో బటానీలు కొనే పిల్లాడిని అడిగినట్టు, వచ్చీరాని బర్మా భాషలో మెల్లగా అడిగింది. "మీ యమ్మకి బియ్యం దొరికినాయా, బాబూ?"

గోదాంలో నవ్వులు ఆగిపోయాయి. బోజీ చెయ్యి ఊపాడు. ఆవిడని లారీ ఎక్కించారు, మగాళ్ళని వదిలేశారు. లారీ వెళ్ళేదాకా ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఎక్కడ ఎవరి మీద కళ్ళు ఆగుతాయోనని.

ఆ చలికాలం ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందంటే పిల్లల కోసమే. జోగి పనికి పోయాడు, వచ్చాడు, గోడకేసి చూస్తూ కూచున్నాడు. ఏ జైల్లో ఉందో అడగడానికి కూడా భయమే. అడిగితే, నువ్వెవరని అడుగుతారు. మణిమాల మొగుడితో మాటలు మానేసింది. మానేసిందన్న కోపం కూడా వాడికి రాలేదు. సంబరాలకి కథ పెట్టమని ఎవరూ రాలేదు. వచ్చినా ఏ మొహంతో పెడతాడు?

ఎండలు ముదిరాక ఒకనాడు జోగి వసారాలో గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలో వెనక వీధి కనిపిస్తోంది. ఒక ముసలి మనిషి కర్ర పట్టుకుని వస్తోంది. పక్కన మణిమాల ఏడుస్తూ, నవ్వుతూ, ఆవిడ చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. వయసు మీదపడ్డ ఆడవాళ్ళని కొందర్ని వదిలేశారట. జోగి చేతిలో కత్తి కింద పడింది. ఈసారి అద్దంలో చూడలేదు. వెనక్కి తిరిగి, వీధి వైపు తేరిపార చూశాడు.

సన్యాసమ్మ ఎండిపోయింది. జుట్టు కత్తిరించేశారు. రెండు కాళ్ళూ కుంటుతోంది. కుడి మోకాలు ఎప్పుడూ ఉన్నదే. జైల్లో ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారని, బట్టలు ఉతికేటప్పుడూ నీళ్ళు మోసేటప్పుడూ అన్నాళ్ళూ ఎడంకాలు ఈడుస్తూనే ఉండిపోయింది. అది అలాగే బిగుసుకుపోయింది. ఇప్పుడు ఎక్కువగా ఈడ్చేది ఎడమదే.

గుమ్మం దాకా వచ్చి అల్లుణ్ణి చూసింది. వెంటనే, కర్ర మీద ఒరిగి, కొంగు నెత్తిమీదకి లాక్కుని, గోడవైపు తిరిగిపోయింది. కాసేపు ఆయాసం తీర్చుకుంది. తరవాత గోడతో అంది.

"ఒలే మాలీ, మీ ఆయనతో సెప్పు. ఇప్పుడు ఆడు సేసిందే సరైనది. ఇంక మార్సుకోనక్కర్నేదని సెప్పు."

జోగి చెంపల మీది సబ్బు అలాగే ఉంది. వసారా నేల మీద సాగిలపడి, ఆ వీపుకి, ఆ రెండు కాళ్ళకీ దణ్ణం పెట్టాడు. వాడి ఏడుపు ఆవిడకి వినిపించే ఉంటుంది. అయినా ఇటు తిరగలేదు. అత్త కదా, తిరగకూడదు.